కుక్కను గ్రూమింగ్‌కు తీసుకెళ్తున్నారా? విశాఖలో ఈ వరుసలో చేయండి

ఎండలు ముదిరాయంటే చాలు, విశాఖలో కుక్కలను పెంచేవారు అవే ప్రశ్నలు అడుగుతారు. పొమేరియన్‌కు గుండు గీయించాలా? నెలకు ఎన్నిసార్లు స్నానం చేయించాలి? గ్రూమింగ్ నుంచి వచ్చిన దగ్గర నుంచి గోక్కుంటూనే ఉంది, ఎందుకు? ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు, ఇంటి దగ్గర బయలుదేరడానికి ముందు నుంచి తిరిగి వచ్చిన మూడో రోజు దాకా ఏం చేయాలో వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. గ్రూమింగ్ అనగానే అందరి దృష్టీ కత్తిరింపు మీదికే పోతుంది. మన ఊళ్లో మాత్రం ఆరబెట్టడమే అసలు పని. సముద్రం పక్కనే ఉండటం వల్ల ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం చుట్టూ ఉంటుంది. పైకి ఆరినట్లు కనిపించే బొచ్చు, చర్మానికి ఆనుకున్న చోట గంటల తరబడి చెమ్మగానే ఉండిపోతుంది. ఆ చెమ్మలోనే ఈస్టు, బ్యాక్టీరియా పెరుగుతాయి. వానాకాలంలో కుక్కలకు వచ్చే దురదలు, దుర్వాసన, చీము పుండ్లు చాలావరకు అక్కడే మొదలవుతాయి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

కావలసినవి

- టీకాల కార్డు. రేబిస్ టీకా, మిగతా వార్షిక టీకాలు వేయించిన తేదీలు అందులో ఉండాలి.
- ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్, గట్టి తాడు. బెదిరిన కుక్క తల వెనక్కి గుంజి మెడపట్టీ నుంచి తేలిగ్గా బయటపడుతుంది. రద్దీ రోడ్డు మీద ఆటో దిగేటప్పుడు అలా జరిగితే చాలా ప్రమాదం.
- ఒకవైపు దగ్గరి పళ్లు, ఇంకోవైపు దూరం పళ్లు ఉన్న స్టీలు దువ్వెన. పొడవాటి బొచ్చు ఉన్న కుక్కయితే వంగిన సన్నని తీగలుండే స్లిక్కర్ బ్రష్ కూడా.
- రెండు పాత తువ్వాళ్లు, నీళ్ల గిన్నె, కుక్క బాగా ఇష్టపడే తినుబండారం కొద్దిగా.
- ఫోనులో ఫొటోలు. పులిపిర్లు, గడ్డలు, పాత గాయాలు, బొచ్చు ఊడిన చోట్లు అన్నీ ముందే తీసి ఉంచండి.
- మీ పశువైద్యుని నంబరు.

1. మీ కుక్క బొచ్చు ఏ రకమో చూడండి

వీపు మీద బొచ్చును రెండు చేతుల వేళ్లతో పాయ తీసి చూడండి. పైన గరుకుగా, పొడవుగా ఒక పొర, కింద పొట్టిగా, ఒత్తుగా, మెత్తగా ఇంకో పొర కనిపిస్తే అది రెండు పొరల బొచ్చు. పొమేరియన్, జర్మన్ షెపర్డ్, ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ ఈ రకం. ల్యాబ్రడార్‌కు పొట్టి బొచ్చే కదా అని చాలామంది దాన్ని ఈ జాబితాలో చేర్చరు, కానీ దానికీ రెండు పొరలున్నాయి.

ఊడటం తక్కువ, కత్తిరించకపోతే పెరుగుతూనే ఉండటం షిట్జు, లాసా ఆప్సో, మాల్టీస్, పూడుల్ లక్షణం. వీటికి క్రమం తప్పని కత్తిరింపు తప్పనిసరి. పగ్, బీగల్, మన నాటు కుక్కల బొచ్చు పొట్టిది. వీటికి కత్తిరింపుతో పనే లేదు.

ఇక గుండు సంగతి. రెండు పొరల బొచ్చున్న కుక్కకు గుండు గీయించకండి. మనిషిలా కుక్క ఒంటి నిండా చెమట పట్టించుకుని చల్లబడదు. నాలుక చాపి రొప్పడమే అది చల్లబడే ముఖ్యమైన దారి. కాబట్టి బొచ్చు తీసేస్తే మనం ఊహించినంత హాయి దానికి కలగదు. పైగా ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. అంతకన్నా బాధాకరమైనది ఇంకొకటి ఉంది. పొమేరియన్, హస్కీ వంటి కుక్కల్లో గీసిన బొచ్చు కొన్నిసార్లు నెలల తరబడి రాదు. వచ్చినా అక్కడక్కడ మాత్రమే వచ్చి, ఏడాది దాటినా వీపు బోడిగా ఉండిపోవచ్చు. మళ్లీ మామూలుగా వస్తుందని ఏ గ్రూమరూ హామీ ఇవ్వలేడు.

దానికి బదులు లోపలి పొరలో రాలిపోయి ఇరుక్కున్న బొచ్చును దువ్వి తీయించండి. గాలి చర్మం దాకా వెళ్తుంది, కుక్కకు కావలసింది అదే. పొట్ట కింద, తొడల లోపలి వైపు కొంచెం కత్తిరిస్తే చల్లటి గచ్చు మీద పడుకున్నప్పుడు హాయిగా ఉంటుంది. గుండు తప్పని సందర్భాలు రెండే: శస్త్రచికిత్స లేదా చర్మవ్యాధి కోసం వైద్యుడు చెప్పినప్పుడు, దువ్వడానికి వీల్లేనంతగా ఒళ్లంతా జడలు కట్టినప్పుడు.

2. ఇప్పుడు తీసుకెళ్లవచ్చా, ఆగాలా?

ఈ స్థితుల్లో ఏ ఒక్కటి ఉన్నా వాయిదా వేయండి.

- పిల్లకు మొదటి టీకాల వరుస పూర్తి కాలేదు. మామూలుగా 4 నెలల వయసు దగ్గర అది పూర్తవుతుంది. చివరి టీకా తర్వాత కనీసం ఒక వారం ఆగండి. అందాకా ఇంట్లోనే రోజూ పాదాలు, చెవులు, మూతి తాకుతూ, దువ్వెన చూపిస్తూ అలవాటు చేయండి. ఈ అలవాటు జీవితాంతం పనికొస్తుంది.
- జ్వరం, వాంతులు, విరేచనాలు, తిండి మానేయడం.
- కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స లేదా మరేదైనా కుట్లు. మామూలుగా 10 నుంచి 14 రోజులు తడి తగలకూడదు. వైద్యుడు కుట్లు చూసి సరే అన్నాకే స్నానం.
- మెడ వెనక చుక్కలుగా వేసే గోమార్ల మందు వాడి 2 రోజులు కాలేదు. స్నానం వల్ల మందు కొట్టుకుపోతుంది. స్నానం అయిన వెంటనే వేసినా సరిగా పరుచుకోదు, అప్పుడూ 2 రోజులు ఆగాలి. నోటి ద్వారా ఇచ్చే గోమార్ల మాత్రలకు ఈ ఇబ్బంది లేదు.
- నిండు చూలుతో ఉన్న కుక్క, ఈనిన కొత్తలో ఉన్న తల్లి.

గోమార్ల విషయంలో కొంత వివరంగా చెప్పాలి. కంబాలకొండ, ముడసర్లోవ చుట్టుపక్కల పొదలున్న చోట్ల తిప్పేవారు, ఖాళీ స్థలాల పక్కన ఇళ్లున్నవారు తరచుగా అడిగేది ఇదే: గోమార్లు పోయేలా గ్రూమింగ్ చేస్తారా? ఒంటి మీద ఉన్నవాటిని తీస్తారు. అంతటితో సమస్య పోదు. కుక్కల మీద మనం ఎక్కువగా చూసే గోధుమరంగు గోమారి ఇంటి లోపలే తన జీవితమంతా గడపగలదు. రక్తం తాగి ఉబ్బిన ఆడది కిందికి దిగి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు వైద్యుడు చెప్పిన మందు, పడుకునే చోట పగుళ్ల శుభ్రత, ఇవి రెండూ లేకుండా ఎన్ని స్నానాలు చేయించినా రెండు వారాల్లో మళ్లీ మొదటికొస్తుంది. కిరోసిన్ పూయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. చర్మం కాలుతుంది. కుక్క నాకితే, వాసన పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

3. ఇంట్లో దువ్వి, జడలు ఎక్కడున్నాయో కనిపెట్టండి

వెళ్లే ముందురోజు ఈ పని చేయండి. పొమేరియన్ గానీ షిట్జు గానీ అయితే ముందుగా చెవి వెనక మెత్తటి చోట వేళ్లు పెట్టండి. తర్వాత ముందుకాళ్ల చంకలు, మెడపట్టీ కింద, తోక మొదలు, తొడల వెనక భాగం. జడలు దాదాపు ఎప్పుడూ ఈ అయిదు చోట్లే మొదలవుతాయి. పైన వీపు మీద బొచ్చు నిగనిగలాడుతూ ఉంటుంది, చంకలో మాత్రం బఠాణీ గింజంత ఉండ గట్టిపడి చర్మాన్ని లాగుతూ ఉంటుంది. కుక్క అడుగు వేసిన ప్రతిసారీ ఆ లాగుడు నొప్పే.

దువ్వే పద్ధతి: ఎడమచేత్తో బొచ్చును పైకి ఎత్తి పట్టుకుని, కింద చర్మం గీతలా కనిపించేలా పాయ తీయండి. ఆ గీత దగ్గర నుంచి బయటికి బ్రష్ చేయండి. కొంచెం కొంచెంగా బొచ్చును వదులుతూ పైకి రండి. చివరగా స్టీలు దువ్వెనను చర్మం దాకా దించి లాగండి. ఎక్కడా తట్టుకోకుండా వస్తే దువ్వడం పూర్తయినట్లు. బ్రష్ ఒక్కటే వాడితే పైపొర మాత్రమే చక్కబడి, లోపలి చిక్కు అలాగే ఉంటుంది.

హెచ్చరికలు. జడలున్న కుక్కకు దువ్వకుండా స్నానం చేయించకండి, తడిసి ఆరాక ఆ ఉండ ఇంకా బిగుసుకుంటుంది. కత్తెరతో జడను కత్తిరించకండి. చర్మం జడలోకి లాక్కుపోయి ఉంటుంది, అది మీకు కనపడదు, కత్తెర నేరుగా చర్మం మీద పడుతుంది. వేళ్లతో విడదీయలేని ఉండను గ్రూమర్ క్లిప్పర్‌తో (బొచ్చు గీసే యంత్రంతో) కింది నుంచి తీయాలి. నాలుగు చోట్ల బొచ్చు పొట్టిగా అవుతుంది, పరవాలేదు. గంటసేపు చిక్కులు లాగించి కుక్కను ఏడిపించేకన్నా అదే దయ.

4. కుక్కను తీసుకెళ్లక ముందు మీరొక్కరే వెళ్లి చూడండి

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మధురవాడ, గాజువాక, ఏ వైపు వెళ్లినా ఇప్పుడు గ్రూమింగ్ చేసే చోటు కనిపిస్తుంది. ఫొటోలు, చుక్కల రేటింగులు చూసి నిర్ణయించకండి. పని జరుగుతున్న సమయంలో వెళ్లి పావుగంట నిలబడండి. ఈ కింది వాటికి జవాబులు అడగండి, కళ్లతోనూ చూడండి.

- టీకాల కార్డు అడుగుతున్నారా? అడగని చోట మీ కుక్క పక్కన ఉన్న కుక్కకూ టీకాలున్నాయో లేదో ఎవరికీ తెలియదు.
- షాంపూను ఎప్పుడు నీళ్లలో కలుపుతారు? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది, కానీ తప్పకుండా అడగండి. నీళ్లు కలిపిన షాంపూను సీసాలో రోజుల తరబడి ఉంచితే అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది. స్నానం చేయించేటప్పుడు వెంట్రుకకు ఎదురుగా గట్టిగా రుద్దితే అది వెంట్రుక కుదుళ్లలోకి దిగి, ఒకటి రెండు రోజుల్లో వీపు మీద తీవ్రమైన నొప్పితో పుండ్లు, జ్వరం వస్తాయి. ఏ కుక్కకు ఆ కుక్కకు అప్పటికప్పుడు కలపాలి. మిగిలింది పారబోయాలి.
- దేనితో ఆరబెడతారు? చేత్తో పట్టుకునే బ్లోయర్, పక్కన మనిషి ఉంటే సరే. బోనులో పెట్టి వేడిగాలి యంత్రం తగిలించి వెళ్లిపోయే చోట మీ కుక్కను వదలకండి. మూతి నొక్కుకుపోయిన పగ్, షిట్జు వంటివి అసలే సరిగా రొప్పలేవు, అలాంటి బోనులో వాటి ప్రాణాలే పోవచ్చు.
- బల్ల మీద మెడకు తాడు కట్టి మనిషి పక్కకు వెళ్తున్నాడా? కుక్క దూకితే ఉరి పడుతుంది. ఒక్క నిమిషం కూడా అలా వదలకూడదు.
- ఒక కుక్క తర్వాత క్లిప్పర్ పళ్లు, బల్ల, తొట్టి శుభ్రం చేస్తున్నారా? తువ్వాలు మారుస్తున్నారా?
- అరుపులకు, కరిచే కుక్కకు వాళ్లేం చేస్తున్నారు? ఓపికతో మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడుతుంటే మంచి గుర్తు. కొడుతున్నా, మెడ పట్టి వేలాడదీస్తున్నా అక్కడి నుంచి వచ్చేయండి.
- మత్తు ఇస్తామని గ్రూమర్ అంటే ఒప్పుకోకండి. మత్తు ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలో పరీక్షించి నిర్ణయించాల్సింది పశువైద్యుడు.

ధర అడిగేటప్పుడు అందులో ఏమేం కలిసి ఉన్నాయో కూడా అడగండి. గోళ్లు, చెవులు, జడలు తీయడం, గోమార్లు ఏరడం చాలాచోట్ల విడిగా లెక్కిస్తారు.

ప్రత్యామ్నాయాలు: అపార్టుమెంటు కింద ఆగే గ్రూమింగ్ వ్యాను, ఇంటికి వచ్చి చేసేవారు. ముసలి కుక్కలకు, వీధి నుంచి తెచ్చి పెంచుకుంటున్న భయస్థులకు, వేరే కుక్కలను చూస్తే మీద పడేవాటికి ఇదే మేలు. వ్యాను అయితే లోపల ఏసీ, గాలి ఆడే సదుపాయం పనిచేస్తున్నాయో చూడండి. ఇంటికి వచ్చేవారయితే బ్లోయర్ తెస్తారో లేదో ముందే అడగండి. తువ్వాలుతో తుడిచి ఫ్యాను కింద వదిలేయడాన్ని మన ఊళ్లో ఆరబెట్టడం అనలేం.

5. రోజు, సమయం

వేసవిలో ఉదయం మొదటి సమయం అడిగి తీసుకోండి. మధ్యాహ్నం ఎండలో ఆటో ప్రయాణమే కుక్కకు సగం ప్రాణం తీస్తుంది. వానాకాలంలో ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు తడిస్తే చేయించిందంతా వృథా, కాబట్టి గొడుగో మూసి ఉండే వాహనమో చూసుకోండి. దీపావళికి రెండు మూడు రోజుల ముందు, వెనక వద్దు. టపాసులకు బెదిరి ఉన్న కుక్క మీద బ్లోయర్ శబ్దం కూడా పడితే ఆ భయం గ్రూమింగ్‌కే ముడిపడిపోతుంది.

బయలుదేరడానికి 3 గంటల ముందే తేలికగా తినిపించడం ముగించండి. నీళ్లు ఆపకండి. వెళ్లే ముందు కొంచెం నడిపించి మలమూత్రాలు కానివ్వండి.

6. ఏం చేయాలో రాసి పంపండి

నోటి మాట అక్కడ పని చేసే మనిషి దాకా చేరదు. ఫోనులో రాసి పంపితే ఇద్దరికీ ఆధారం ఉంటుంది. ఒక నమూనా ఇస్తున్నాను, మీ కుక్కకు తగ్గట్లు మార్చుకోండి:

“పొమేరియన్, ఆడది, 4 ఏళ్లు. వీపు మీద, పక్కల క్లిప్పర్ పెట్టవద్దు. లోపలి బొచ్చు దువ్వి తీయాలి. పాదాల కింద, మలద్వారం చుట్టూ మాత్రం కత్తిరించండి. ఎడమ చంకలో ఒక జడ ఉంది, దాన్ని క్లిప్పర్‌తో తీయవచ్చు. కుడి తొడ మీద చిన్న పులిపిరి ఉంది, జాగ్రత్త. చెవుల్లో నీళ్లు పోయవద్దు, వెంట్రుకలు పీకవద్దు. మలద్వారం దగ్గరి గ్రంథులు నొక్కవద్దు. సెంటు కొట్టవద్దు. కోపం రాదు గానీ వెనక కాళ్లు పట్టుకుంటే భయపడుతుంది. ఏదైనా మార్చాల్సి వస్తే ముందు ఫోను చేయండి.”

షిట్జు, పూడుల్ వంటివాటికి “పొట్టిగా” అని రాస్తే చాలదు. ఒక్కొక్కరి పొట్టి ఒక్కో రకం. మిల్లీమీటర్లలో చెప్పండి. క్లిప్పర్ పళ్ల పట్టీలకు నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ బొచ్చు మరింత పొట్టిగా తెగుతుంది. 10 నంబరు దాదాపు 1.5 మిల్లీమీటర్ల బొచ్చే మిగులుస్తుంది, అంటే దాదాపు గుండే. 7 ఎఫ్ అయితే 3 మిల్లీమీటర్ల పైన, 4 ఎఫ్ అయితే 9 మిల్లీమీటర్ల పైన మిగులుతుంది. మన ఉక్కకు షిట్జుకు 4 ఎఫ్ చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. చర్మం కప్పి ఉంటుంది, దువ్వడమూ తేలిక.

మలద్వారం గ్రంథుల గురించి ఎందుకు రాయమన్నానంటే, కొన్నిచోట్ల ప్రతి స్నానంలోనూ వాటిని అలవాటుగా నొక్కేస్తారు. ఇబ్బంది లేని కుక్కకు అది అక్కర్లేదు, పదేపదే నొక్కితే వాపు రావచ్చు. కుక్క వెనక భాగం నేలకు రాస్తూ జరుగుతుంటే పశువైద్యునికి చూపించండి.

7. అప్పగించేటప్పుడు

మీరు కంగారు పడుతూ పదిసార్లు వీడ్కోలు చెబితే కుక్కా కంగారు పడుతుంది. తాడు చేతికిచ్చి, పాత గాయాలు గ్రూమర్‌కు వేలితో చూపించి, మామూలుగా బయటికి రండి. గుండెజబ్బు, మూర్ఛ, కీళ్లనొప్పి ఉంటే తప్పక చెప్పండి. కరిచే అలవాటుంటే దాచకండి. గాలి ఆడే బుట్ట రకం మూతి చిక్కం ఉంటే కుక్క రొప్పగలదు. మూతిని బిగించేసే గుడ్డ రకం కొద్ది నిమిషాలకు మించి ఉంచకూడదు, ఆరబెట్టే సమయంలో అసలే వద్దు.

8. తీసుకునేటప్పుడు అక్కడే పరీక్షించండి

డబ్బు ఇచ్చే ముందు పది నిమిషాలు కేటాయించండి. మొహమాటపడవద్దు, మంచి గ్రూమర్ దీనికి ఏమీ అనుకోడు.

మొదట తడి. అరచేతిని కాదు, వేళ్ల కొనలను చర్మం దాకా దించండి. తోక మొదలు, తొడల వెనక, చంకలు, మెడ కింద ముడతలు, చెవుల వెనక. ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ అయితే తోక మొదట్లో ఒత్తుగా ఉన్న బొచ్చును పాయ తీసి, ఒక టిష్యూ కాగితం చర్మానికి ఆనించి అయిదు సెకన్లు నొక్కండి. కాగితం చెమ్మగిల్లినా, వేలికి చల్లగా తగిలినా ఆరలేదన్నమాట. తిరిగి ఆరబెట్టమనండి. ఈ చోటే మర్నాటికి ఎర్రబడి, కుక్క నాకీ కొరికీ రూపాయి బిళ్లంత పచ్చిపుండు చేసుకుంటుంది. బొచ్చు కింద ఉండటంతో అది అరచేయంత అయ్యేదాకా కొందరికి తెలియదు.

తర్వాత చర్మం. క్లిప్పర్ తగిలిన చోట్ల, ముఖ్యంగా పొట్ట, తొడల సందు, మలద్వారం చుట్టూ ఎర్రటి చారలున్నాయా చూడండి. పళ్లు వేడెక్కినా, మొద్దుబారినా ఈ మంట వస్తుంది. కొన్నిసార్లు కొన్ని గంటల తర్వాతే బయటపడుతుంది.

గోళ్లు: గచ్చు మీద నడిపించి వినండి. టకటక శబ్దం వస్తే ఇంకా పొడవే. టైల్స్ ఉన్న ఫ్లాట్లలో ఉండే కుక్కలకు గోళ్లు అరగవు, అందుకని ఇది అందరికన్నా వీటికి అవసరం. పాదానికి పైన లోపలి వైపు ఉండే అయిదో గోరును చాలామంది మరచిపోతారు. అది నేలకు తగలదు, చుట్టుకుని తిరిగి చర్మంలోకే దిగుతుంది. దాన్ని ప్రత్యేకంగా పట్టుకుని చూడండి. గోరు లోపల రక్తం ఉండే జీవభాగం ఉంటుంది. తెల్ల గోళ్లలో గులాబీ రంగులో కనిపిస్తుంది, నల్ల గోళ్లలో కనిపించదు కాబట్టి కొంచెం కొంచెంగానే తీయాలి. రక్తం వస్తే గోరు కొనకు రక్తం ఆపే పొడి, అది లేకపోతే మొక్కజొన్న పిండి అద్ది కొన్ని నిమిషాలు నొక్కి పట్టాలి.

చెవులు: లోపల వాసన చూడండి. పుల్లటి లేదా కుళ్లిన వాసన, గోధుమరంగు జిగురు ఉంటే అది గ్రూమింగ్‌తో పోయేది కాదు, వైద్యం కావాలి. చివరగా కళ్లు, షాంపూ పడి ఎర్రబడ్డాయేమో చూడండి.

మీ దగ్గరున్న స్టీలు దువ్వెనను చెవి వెనక, చంకల్లో ఒకసారి లాగండి. తట్టుకుంటే పైపైనే దువ్వారు.

లోపం కనిపిస్తే అక్కడే ఫొటో తీసి, మర్యాదగా చెప్పి, సరిచేయించుకోండి. ఇంటికి వెళ్లాక ఫోనులో వాదించడం కన్నా ఇది నయం.

9. ఇంటికి వచ్చాక 3 రోజులు

ఆ రోజు సముద్రం వైపు, మట్టిలోకి తీసుకెళ్లకండి. నీళ్లు పెట్టి పడుకోనివ్వండి, చాలా కుక్కలు అలసిపోయి ఉంటాయి. రెండో రోజు, మూడో రోజు వీపు మీద చేయి వేసి నిమరండి. తాకితే మూలిగినా, వెన్ను ముడుచుకున్నా, మందకొడిగా ఉన్నా, చిన్న చీము పొక్కులు కనిపించినా అదే రోజు పశువైద్యుని దగ్గరికి వెళ్లండి. స్నానం చేయించిన తేదీ చెప్పడం మరచిపోకండి, వైద్యునికి ఆ ఒక్క మాటతో చాలా తెలుస్తుంది. తల విదిలిస్తూ చెవి గోక్కుంటుంటే చెవిలో నీళ్లు ఉండిపోయి ఉండవచ్చు. ఇయర్ బడ్ లోపలికి పెట్టకండి.

గ్రూమింగ్ చోట గానీ ఇంటికి వచ్చే దారిలో గానీ విపరీతంగా రొప్పుతూ, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరిగి, చిక్కటి చొంగ కారుస్తూ తూలుతుంటే అది వడదెబ్బ. కుక్క మామూలు శరీర ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. అది 104 దాటిందంటే అత్యవసరం. వెంటనే నీడలోకి చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, అలా చల్లబరుస్తూనే ఆసుపత్రికి బయలుదేరండి. బలవంతంగా నోట్లో నీళ్లు పోయకండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ఉక్కగా ఉందని వారం వారం షాంపూతో స్నానం చేయించడం. చర్మం మీది సహజమైన నూనె పోయి పొడిబారుతుంది, దురద మొదలవుతుంది, దురద చూసి మళ్లీ స్నానం చేయిస్తారు. మధ్యలో తడిగుడ్డతో తుడిచి, దువ్వితే చాలు.

మనుషుల షాంపూ, బట్టల సబ్బు వాడటం. కుక్క చర్మం మన చర్మంకన్నా తక్కువ ఆమ్లగుణం కలది, మనకు సరిపడేది దానికి సరిపడదు. నేల తుడిచే క్రిమిసంహారక ద్రవాలను బకెట్లో కలపడం ఇంకా ప్రమాదం. టీ ట్రీ నూనె నేరుగా పూయకండి, కుక్కలకు అది విషం.

మందు షాంపూ రాసిన వెంటనే కడిగేయడం. వైద్యుడు రాసిచ్చిన షాంపూ సాధారణంగా 10 నిమిషాలు ఒంటి మీద ఉండాలి. గ్రూమర్‌కు ఆ సీసా మీరే ఇచ్చి, సమయం చూసుకోమని చెప్పండి.

ఆర్‌కే బీచ్‌లోనో రుషికొండలోనో ఆడించి తెచ్చి అలాగే పడుకోనివ్వడం. ఉప్పు, ఇసుక బొచ్చులో ఉండిపోయి దురద పెడతాయి, వేళ్ల సందుల్లో ఒరిపిడి పుండ్లవుతాయి. మంచినీళ్లతో కడిగి, వేళ్ల మధ్య ఆరేలా తుడవండి. ప్రతిసారీ షాంపూ అక్కర్లేదు. పోర్టు వైపు పాత నగరంలో ఉండేవారి తెల్ల పొమేరియన్లకు నల్ల ధూళి పట్టేస్తుంది. దానికీ రోజూ దువ్వడం, తడిగుడ్డతో తుడవడమే ముందు. తడపకుండా దువ్వితేనే ధూళి రాలుతుంది.

ఎన్నాళ్లకోసారి?

షిట్జు, లాసా, మాల్టీస్, పూడుల్: 4 నుంచి 6 వారాలకు ఒకసారి పూర్తి గ్రూమింగ్, ఇంట్లో రోజూ దువ్వడం. రోజూ కుదరని ఇళ్లలో బొచ్చు పొట్టిగానే ఉంచండి, పొడవు మీద ఆశ పెట్టుకోవద్దు.

పొమేరియన్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, హస్కీ: 6 నుంచి 8 వారాలకు ఒకసారి స్నానం, లోపలి బొచ్చు తీయడం. వారానికి మూడు సార్లయినా ఇంట్లో దువ్వాలి, బొచ్చు ఎక్కువగా ఊడే కాలంలో రోజూ. ల్యాబ్రడార్‌కు వారానికి ఒకటి రెండు సార్లు రబ్బరు బ్రష్ చాలు.

పగ్, బీగల్, నాటు కుక్కలకు స్నానం ఇంట్లోనే చేయించవచ్చు. పగ్ ముఖం మీది ముడతలను మాత్రం ఒకటి రెండు రోజులకోసారి తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరేలా అద్దాలి. గోళ్లు తీయడం చేతకాకపోతే నెలకోసారి ఆ ఒక్క పనికే గ్రూమర్ దగ్గరికి తీసుకెళ్లండి. కేవలం గోళ్లు చేసే చోట్లు చాలానే ఉన్నాయి, అడిగితే చేస్తారు.